జారిపోయే మందుకు జిగురు వెతికిన కథ

కంట్లో చుక్కల మందు వేసుకున్న కాసేపటికే గొంతులో చేదు తగులుతుంది. మందు కన్నీటి కాలువ గుండా ముక్కులోకి, అక్కణ్ణుంచి గొంతులోకి దిగిపోయిందన్నమాట. కంటి మీద మామూలుగా ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్లు. సీసా నుంచి రాలే చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. అంత చోటు లేనప్పుడు పొంగి పోక ఏం చేస్తుంది? చుక్కలో ఉన్న మందులో కంటి లోపలికి చేరేది సాధారణంగా 5 శాతం కూడా ఉండదు. నోటిపూతకు రాసిన జెల్‌దీ అదే గతి, నాలుక ఊరుకోదు.

దీనికి జిగురు కలిపి చూద్దామన్న ఆలోచన పాతదే. 1947లో పెన్సిలిన్‌ను నోటి లోపలి పొర మీద నిలపడానికి ట్రాగకాంత్ బంకనూ, కట్టుడు పళ్లు కదలకుండా పట్టి ఉంచే పొడినీ కలిపి వాడారు. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, చేతికి అందిన జిగురుతో సరిపెట్టుకున్నారు.

ఆ తర్వాత పరిశోధన ఎక్కువగా వేరే దారి పట్టింది. 1952లో స్పాన్‌స్యూల్ అనే క్యాప్సూల్ వచ్చింది. దాని నిండా చిన్న చిన్న గుళికలు, ఒక్కో గుళికకు ఒక్కో మందంలో పూత. పలచ పూత ముందు కరుగుతుంది, మందపాటిది తర్వాత. మందు గంటల తరబడి విడుదలవుతుంది, నిజమే. కానీ ఆ గుళికలు తిండితోపాటు పేగుల్లో ముందుకు సాగిపోతూనే ఉంటాయి. మెల్లగా వదలడం వేరు, ఒకచోట నిలిచి వదలడం వేరు. 1974లో వచ్చిన ఆక్యుసర్ట్ ఈ రెండోదానికి కొంత దగ్గరగా వెళ్లింది. కనురెప్ప కింద పెట్టుకునే ఈ పలచటి బిళ్ల వారం పాటు గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) మందును వదిలేది. చిక్కల్లా, కొందరికి అది తెలియకుండానే జారి పడిపోయేది.

జిగురును సొంతంగా ఒక శాస్త్రంలా పట్టించుకున్నది 1980లలో. జపాన్‌లో నాగాయ్ బృందం నోటిపూతకు అంటుకునే మాత్రల మీద పనిచేసింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ రాబిన్సన్ బృందం పాలీకార్బోఫిల్ అనే పాలిమర్‌ను, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల పదార్థాన్ని, పట్టుకుంది. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. దాని గొలుసులు మ్యూకస్‌లోని (శరీరం లోపలి పొరల మీద ఉండే జిగటలోని) మ్యూసిన్ ప్రొటీన్లతో చిక్కుపడి, హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఎలుకల్లో బాగా పనిచేసింది గానీ, మనుషుల జీర్ణాశయంలో ఆశించినంత సేపు నిలవలేదు. యోనిలో వాడే ప్రొజెస్టిరాన్ జెల్ రూపంలో మాత్రం అదే పాలిమర్ 1997లో అమెరికాలో అనుమతి పొందింది.

ఇంకా గట్టిగా అంటుకునేది కావాలన్న వేట సాగింది. 1997లో ఎడిత్ మాథియోవిట్జ్ బృందం పేగు గోడను పట్టుకునే పాలీఅన్‌హైడ్రైడ్ అనే పాలిమర్ గోళాలను చూపింది. 1999లో ఆండ్రియాస్ బెర్న్‌కాప్-ష్నుర్ష్ గంధకం చేర్చిన పాలిమర్లను, అంటే థయోమర్లను, ముందుకు తెచ్చారు. ఇవి మ్యూసిన్‌లోని గంధకంతో ఏకంగా డైసల్ఫైడ్ బంధం వేసుకుంటాయి. హైడ్రోజన్ బంధం కన్నా ఇది చాలా గట్టిది.

అయితే జిగురు ఎంత గట్టిదైనా, అది పట్టుకున్న మ్యూకసే కదిలిపోతుంటే? ఎలుక పేగులో కొలిచినప్పుడు మ్యూకస్ పొర సుమారు 50 నిమిషాల నుంచి నాలుగున్నర గంటల్లో మారిపోతోందని తేలింది. పాత పొర పోతూ పోతూ తనకంటుకున్న రేణువులనూ తీసుకుపోతుంది. కదిలే బండికి కట్టేసిన గేదె బండితోపాటే వెళ్తుంది కదా. బయోఅడ్హీషన్ (కణజాలానికి అంటుకోవడం), మ్యూకోఅడ్హీషన్ (మ్యూకస్‌కు అంటుకోవడం) అన్న మాటలను చాలామంది ఒకే అర్థంలో రాసేస్తుంటారు. నన్నడిగితే తగాదా అంతా ఆ తేడాలోనే ఉంది: పట్టుకున్నది కణజాలాన్నా, దాని మీద పారే జిగటనా?

2007లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ హేన్స్ బృందం ఈ ఆలోచనను తలకిందులు చేసింది. 200, 500 నానోమీటర్ల రేణువుల మీద పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్‌ను దట్టంగా పూసి, అసలు అంటుకోకుండా చేశారు. మనిషి మ్యూకస్‌లో వాటి వేగం నీటిలో కన్నా 4 నుంచి 6 రెట్లే తగ్గింది. అంత పెద్ద రేణువులు ఆ వలలో ఇరుక్కుపోతాయనే అప్పటిదాకా అనుకునేవారు. మ్యూకస్‌ను దాటి వెళ్లే ఈ పద్ధతితో తయారైన కంటి మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది.

జిగురు వాళ్లు ఊరుకోలేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మార్క్ సాల్ట్‌జ్‌మన్ బృందం రేణువుల ఉపరితలాన్ని ఆల్డిహైడ్లు అనే రసాయన సమూహాలతో నింపింది. అవి ప్రొటీన్లలోని అమైన్లతో (నైట్రోజన్ ఉన్న సమూహాలతో) నేరుగా బంధం వేసుకుంటాయి. 2015లో వీటితో ఎండ నుంచి కాపాడే పూత చేసి ఎలుకల చర్మం మీద పరీక్షించారు. నీళ్లకు పోదు, తువ్వాలుతో గట్టిగా తుడిస్తే పోతుంది. కానీ ఆల్డిహైడ్‌కు ఏ ప్రొటీన్ అయినా ఒకటే, మంచి కణమా గడ్డ కణమా అని చూడదు. అందుకే ఆ పట్టును మందు పోసిన చోటికే పరిమితం చేయాలి. తర్వాత ఇవే రేణువులను గర్భాశయ క్యాన్సర్ కోసం నేరుగా పొట్ట కుహరంలోకి ఎక్కించి చూడటానికి కారణం అదే.

2020లో మళ్లీ హాప్కిన్స్ నుంచే థెరాగ్రిప్పర్లు వచ్చాయి. కొంకి పురుగు పేగును పళ్లతో పట్టుకునే తీరు చూసి చేసిన, ధూళి రేణువంత సాధనాలివి. శరీరపు వేడికి వాటి మీది మైనం మెత్తబడగానే చేతులు ముడుచుకుని పేగు పొరను గిల్లి పట్టుకుంటాయి. పందుల్లో నొప్పి మందు కీటోరొలాక్ అర్ధాయువు (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) వీటితో 2 గంటల నుంచి 12 గంటల దాకా పెరిగింది. వీటిలో జిగురు చుక్క కూడా లేదు.