మోడల్ ఎలక్ట్రిక్ ఇంజన్లు: కొనేముందు వినిపించే అపోహలు, పట్టాల మీద తేలే వాస్తవాలు

మల్కాజిగిరిలో మా ఇంటి మేడ గదిలో పన్నెండు అడుగుల బల్ల ఉంది. పద్నాలుగేళ్లుగా దాని మీద హెచ్‌ఓ రైళ్లు నడుపుతున్నాను. హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు. రాత్రి కిటికీ తెరిస్తే లాలాగూడ షెడ్డు వైపు వెళ్లే ఇంజన్ల హారన్ వినిపిస్తుంది. ఆ ఇంజన్లను చూస్తూ పెరిగిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో చేరి, మొదటి జీతాలతో మోడల్ ఇంజన్లు కొని, పనిచేయకపోతే నా దగ్గరకు తెస్తున్నారు. విప్పి చూస్తే చాలావరకు ఇంజన్‌లో ఏ లోపమూ ఉండదు. కొన్నవారు ముందే మనసులో పెట్టుకున్న ఒక నమ్మకంలో ఉంటుంది. అలాంటి నమ్మకాల్లో తరచుగా వినేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎలక్ట్రిక్ ఇంజన్ కాబట్టి పైన తీగ కట్టకపోతే నడవదు.

అసలు ఇంజన్ పాంటోగ్రాఫ్ (ఇంజన్ కప్పు మీద లేచి తీగను తాకే మడతచేయి) ద్వారా 25,000 వోల్టుల ఏసీ కరెంటును పై తీగ నుంచి తీసుకుంటుంది. పట్టాలు ఆ కరెంటు తిరిగి వెళ్లే దారి. మన బల్ల మీది ఇంజన్ ఆ పద్ధతిలో పనిచేయదు. దానికి రెండు పట్టాలే రెండు ధ్రువాలు. పాత పద్ధతి కంట్రోలర్ అయితే 12 వోల్టుల డీసీ, ఒక్కో ఇంజన్‌కు దాని నంబరుతో విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి అయితే సుమారు 14 నుంచి 16 వోల్టులు చక్రాల ద్వారా లోపలికి వెళతాయి. పాంటోగ్రాఫ్ దించి ఉన్నా, ఎత్తి ఉన్నా మోటారుకు తేడా లేదు. తీగ నుంచి కూడా కరెంటు తీసుకునే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంటుంది. అది ఉందో లేదో పెట్టెలోని పుస్తకం చెబుతుంది. అందుకని తీగలు కట్టేవరకు ఇంజన్ కొనకుండా ఆగాల్సిన పని లేదు.

తీగ కట్టాలని ఉంటే తప్పకుండా కట్టండి, ఆ అందం వేరు. అయితే అందులో ఒక చిక్కు ఉంది. మన రైల్వేలో పాంటోగ్రాఫ్ తాకే కాంటాక్ట్ తీగ మందం 12 మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని 87తో భాగిస్తే 0.14 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుకంత. అంత సన్నని తీగ బల్ల మీద నిలవదు కాబట్టి మోడల్ తీగలు సాధారణంగా 0.5 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. పాంటోగ్రాఫ్ స్ప్రింగ్ బలంగా ఉంటే అది ఆ తీగను పైకి నెడుతుంది, అతుకు దగ్గర తట్టుకుంటుంది. నా ఇంజన్ ఒకటి అలాగే పాయింట్ (పట్టాలు రెండుగా చీలే చోటు) మీద తీగలో చిక్కుకుని, పాంటోగ్రాఫ్ మోకీలు దగ్గర వంగిపోయింది. అప్పటినుంచి పాంటోగ్రాఫ్ కింది చట్రానికి సన్నని నల్లదారం ముడివేసి, తీగకు ఒక మిల్లీమీటరు కిందే ఆగేలా కడుతున్నాను. రెండడుగుల దూరం నుంచి చూస్తే ఆ సందు ఎవరి కంటికీ కనిపించదు. ఇంకొక మాట: సీతాఫల్‌మండి స్టేషన్‌లో నిలబడి గమనించండి, మన ఇంజన్లకు సాధారణంగా వెనుకవైపు పాంటోగ్రాఫే ఎత్తి ఉంటుంది. బల్ల మీద రెండూ ఎత్తి నడిపితే, రైళ్లు తెలిసినవారి చూపు ముందు అక్కడికే పోతుంది.

అపోహ: మన రైల్వే నడిచేది ఏసీ మీద, కాబట్టి ఏసీ అని రాసిన మోడలే కొనాలి.

దీనికే ఎక్కువ డబ్బు పోతోంది. మా వీధిలో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఒకడు ఏడాది దాచుకుని విదేశం నుంచి కొత్త ఇంజన్ తెప్పించుకున్నాడు. పెట్టె అట్టను నలగనివ్వకుండా తెరిచి, రెండు చేతులతో ఎత్తి నా పట్టాల మీద పెట్టాడు. కంట్రోలర్‌లో ఎర్రదీపం వెలిగింది, కరెంటు ఆగిపోయింది. తీసి మళ్లీ పెట్టినా అంతే. “బాబాయ్, కాలిపోయిందా?” అన్నాడు. గొంతు వణికింది. ఇంజన్‌ను మెత్తని గుడ్డ మీద తిరగేశాను. కడుపు కింద, చక్రాల నడుమ, వేలెడు పొడవున్న పలుచని లోహపు పట్టీ కనిపించింది. అది మూడు పట్టాల పద్ధతి ఇంజన్. మార్క్లిన్ సంస్థ పేరుతో ప్రసిద్ధమైన ఆ పద్ధతిలో ట్రాక్ మధ్యలో వరుసగా ఉండే చిన్న మేకుల నుంచి ఆ పట్టీ కరెంటు తీసుకుంటుంది. రెండు వైపుల చక్రాలూ కలిసి రెండో ధ్రువం అవుతాయి. అలాంటి ఇంజన్‌ను రెండు పట్టాల ట్రాక్ మీద పెడితే ఇరుసే ఎడమ పట్టాను కుడి పట్టాతో కలిపేస్తుంది. షార్ట్ కాక తప్పదు.

యూరప్ కేటలాగుల్లో ఒకే ఇంజన్ రెండు నంబర్లతో ఉంటుంది. ఏసీ అంటే మూడు పట్టాలది, డీసీ అంటే రెండు పట్టాలది. అసలు రైలు కరెంటుతో ఆ అక్షరాలకు సంబంధం లేదు. చేతిలో ఉన్న ఇంజన్ ఏ రకమో అనుమానం వస్తే మల్టీమీటర్‌ను కూత పెట్టే స్థానంలో ఉంచి, ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకు రెండు ముల్లులూ ఆనించండి. కూస్తే మూడు పట్టాలది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మీటరు చాలు. ఆ అబ్బాయి ఇంజన్‌కు పట్టీ విప్పి, ఒకవైపు ఇన్సులేషన్ ఉన్న చక్రాలు తెప్పించి వేశాం. నడిచింది. కానీ చక్రాల ఖర్చు, రెండు నెలల ఎదురుచూపు అనవసరంగా పడ్డాయి.

పట్టాల విషయంలోనే ఇంకో ఫిర్యాదు వింటాను. డబ్ల్యూఏపీ-7 లాంటి మన ఇంజన్ మోడల్ పట్టాల మీద ఇరుకుగా నిలబడినట్టు ఉందని, తయారీదారు మోసం చేశాడని అంటారు. మోసం కాదు. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5 మిల్లీమీటర్లు, అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు లెక్క. బ్రాడ్‌గేజ్‌కు సరిపడే ట్రాక్ కావాలంటే చేత్తో వేసుకోవాలి. నేను వేసుకోలేదు, ఈ రాజీ నాకు సమ్మతమే.

మలుపులు మాత్రం రాజీపడవు. డబ్ల్యూఏపీ-7 పొడవు 20.562 మీటర్లు, మోడల్‌లో సుమారు 23.6 సెంటీమీటర్లు, ఆరు ఇరుసులు. ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టె 27 సెంటీమీటర్లు. పిల్లల సెట్లలో వచ్చే 36 సెంటీమీటర్ల వ్యాసార్ధపు మలుపు వీటికి చాలదు. ఎక్కినా పెట్టెల మూలలు ఒరుసుకుంటాయి. స్థలం ఉన్నంతలో పెద్ద మలుపు వేయండి. 24 పెట్టెల పూర్తి రైలు, ఇంజన్ కాకుండానే, ఆరున్నర మీటర్లు అవుతుంది. నా బల్ల పొడవుకు ఎనిమిది పెట్టెలే సరిపోతాయి.

అపోహ: డిజిటల్ అని రాసి ఉంటే పెట్టెలోంచి తీసి నడిపేయవచ్చు.

డీకోడర్ (డిజిటల్ ఆదేశాలను అందుకుని మోటారును నడిపే చిన్న సర్క్యూట్) పెట్టుకోవడానికి సాకెట్ ఉన్నది ఒకటి, డీకోడర్ అమర్చి వచ్చేది ఇంకొకటి, శబ్దంతో సహా వచ్చేది మూడోది. ధర కూడా ఆ క్రమంలోనే పెరుగుతుంది. సాకెట్ మాత్రమే ఉన్నదానికి 21 పిన్నుల రకమా, ప్లక్స్‌22 రకమా అని చూసుకున్నాకే డీకోడర్ కొనాలి. డీకోడర్ లేని ఇంజన్‌ను డిజిటల్ ట్రాక్ మీద నిలబెట్టి ఉంచవద్దు, మోటారు సన్నగా రొదపెడుతూ వేడెక్కుతుంది. డిజిటల్ ఇంజన్లు సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి 3 అనే నంబరుతోనే వస్తాయి. రెండు కొత్త ఇంజన్లు ఒకేసారి కదిలితే కంగారు పడకండి, ఒకదాని నంబరు మార్చండి.

కంట్రోలర్ తెప్పించేటప్పుడు అడాప్టర్ మీది అక్షరాలు చదవండి. జపాన్‌లో ఇళ్ల కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120. ఆ దేశాల పాత రకం ట్రాన్స్‌ఫార్మర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే నిమిషాల్లో కాలిపోతుంది.

అపోహ: విదేశీ దుకాణం చూపిన ధర, పంపే ఖర్చు కలిపితే అదే మొత్తం.

కస్టమ్స్ పట్టికలో పిల్లల బొమ్మలు, స్కేల్ మోడళ్లు 9503 అనే ఒకే శీర్షిక కింద ఉన్నాయి. బొమ్మల మీద మూల సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. ఆ సుంకం పంపే ఖర్చును కూడా కలిపిన విలువ మీద పడుతుంది. అంటే ఆ రేటే పడితే 20,000 రూపాయల పార్శిల్ 34,000 అవుతుంది, జీఎస్టీ ఆ పైన. సొంత వాడకానికి తెప్పించే పార్శిళ్లకు వేరే శీర్షిక, వేరే రేటు కూడా ఉన్నాయి. దేశీయ బొమ్మల పరిశ్రమ కోసం పెంచిన ఈ సుంకం, ఇక్కడ అసలు తయారుకాని మోడల్ కొనేవారి మీద కూడా పడే వీలుండటం నాకు బాధగానే ఉంది. ఆర్డరు పెట్టేరోజు అమలులో ఉన్న రేటు చూసుకోండి. ఊరటనిచ్చేది ఒకటుంది. జర్మనీ దుకాణాలు చూపే ధరలో 19 శాతం స్థానిక పన్ను కలిసి ఉంటుంది. యూరోపియన్ యూనియన్ దాటి వెళ్లే సరుకుకు దాన్ని తీసేసే దుకాణాలు చాలా ఉన్నాయి, ముందే అడగండి. విలువ తగ్గించి రాయమని మాత్రం అడగవద్దు. అది నేరం, పైగా పార్శిల్ పోతే బీమా కూడా ఆ తగ్గించిన విలువకే వస్తుంది.

అపోహ: కొత్తది కాబట్టి ఏమీ చేయనక్కరలేదు. ఆగి ఆగి నడిస్తే నూనె వేయాలి.

కొత్త ఇంజన్‌ను పెట్టెలు తగిలించకుండా, మధ్యస్థ వేగంతో ముందుకు అరగంట, వెనక్కి అరగంట నడపండి. గేర్లు, మోటారు బ్రష్షులు ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఏళ్ల తరబడి దుకాణంలో ఉండిపోయిన సరుకైతే గ్రీజు గట్టిపడి ఉంటుంది, దానికి ఇది మరీ అవసరం.

ఆగి ఆగి నడవడానికి నూటికి తొంభైసార్లు కారణం మురికి. హైదరాబాద్ వేసవిలో, చుట్టూ ఏదో ఒక కట్టడం నడుస్తుండగా, కిటికీ మూసినా సాయంత్రానికి పట్టాల మీద సన్నని దుమ్ము చేరుతుంది. వేలితో రాస్తే బూడిదరంగు గీత పడుతుంది. అది నూనెతో కలిసి చక్రాలకు నల్లటి పొరలా అంటుకుని కరెంటును ఆపేస్తుంది. అక్కడ ఇంకా నూనె పోస్తే పొర మందమవుతుంది. చక్రాలకు ఉండే రబ్బరు పట్టీలు కూడా జారిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్లని నూలుగుడ్డతో పట్టాలు తుడవండి, అదే గుడ్డను పట్టాల మీద పరచి చక్రాలను దాని మీద తిరగనివ్వండి. గుడ్డ మీద రెండు నల్లచారలు పడతాయి. గరుకు కాగితంతో రుద్దితే పడే గీతల్లో మురికి ఇంకా త్వరగా కూరుకుపోతుంది. ప్లాస్టిక్‌కు హాని చేయని నూనెను, సూదిమొనతో, పుస్తకం చూపిన చోట్ల మాత్రమే ఒక్కో చుక్క వేయాలి.

అపోహ: ఎంత వేగంగా పరుగెత్తితే అంత మంచి ఇంజన్.

డబ్ల్యూఏపీ-7 గరిష్ఠ వేగం గంటకు 140 కిలోమీటర్లు. 87వ వంతు లెక్కలో అది సెకనుకు 45 సెంటీమీటర్లు మాత్రమే. కొత్త ఇంజన్లు చాలావరకు దీనికంటే వేగంగా నడవగలవు. మంచి మోటారు, మంచి గేర్లు తెలిసేది నెమ్మదిలోనే. ట్రాక్ పక్కన మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టండి. సికింద్రాబాద్ ప్లాట్‌ఫామ్‌లోకి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండిలా మీ ఇంజన్ ఆ మీటరు దాటడానికి 21 సెకన్లు పట్టాలి. ఎక్కడా కుదుపు లేకుండా, దీపం మినుకుమనకుండా, రెండు దిశల్లోనూ అలా దాటుతుందో లేదో దుకాణం ఇచ్చిన వాపసు గడువులోపే చూడండి. పట్టాలు తుడిచాక కూడా దాటకపోతే వీడియో తీసి దుకాణానికి పంపండి.