ఇనుము దాచేసే పాలు

బాక్టీరియాకీ ఇనుము కావాలి. అది అందకపోతే చాలా రకాలు పెరగలేక, రెండుగా చీలలేక అలాగే ఉండిపోతాయి. తల్లిపాలలోని లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీన్ కొట్టేది సరిగ్గా ఆ కడుపు మీదే.

1939లో ఆవుపాలలో దీన్ని గుర్తించినప్పుడు పెట్టిన పేరు ‘ఎర్ర ప్రోటీన్’. ఇనుము పట్టుకోగానే గులాబీ రంగుకి తిరుగుతుంది మరి. తల్లిపాల నుంచి విడిగా తీసింది 1960లో. ఒక్కో అణువుకి రెండు గుప్పిళ్లు; ఒక్కో గుప్పిట్లో ఒక ఇనుప పరమాణువు. చీము పట్టిన చోట ఆమ్లత పెరుగుతుంది. అక్కడ రక్తంలో ఇనుము మోసే ట్రాన్స్‌ఫెర్రిన్ పట్టు సడలిస్తుంది గానీ, లాక్టోఫెర్రిన్ వదలదు. అందుకే కాబోలు, కన్నీళ్లలో, లాలాజలంలో, చివరికి సూక్ష్మజీవులను మింగే తెల్ల రక్తకణాల సంచుల్లో కూడా శరీరం దీన్ని నిలవ చేసుకుంది.

దాచడంతోనే పని అయిపోదు. కడుపులో ప్రోటీన్లను అరిగించే పెప్సిన్ అనే ఎంజైమ్ దీన్ని కోసినప్పుడు లాక్టోఫెర్రిసిన్ అనే చిన్న ముక్క ఊడి వస్తుంది. దానికి ధనావేశం, బాక్టీరియా పైపొరకు రుణావేశం. వెళ్లి అతుక్కుని ఆ పొరనే చెడగొడుతుంది. అరిగిపోతూ కూడా ఆయుధమవడం నాకు భలే ముచ్చటేస్తుంది.

ముర్రుపాలలో ఇది లీటరుకి 5 గ్రాములు దాటుతుంది. తర్వాతి పాలలో ఒకటి రెండు గ్రాములకు దిగుతుంది. పచ్చగా, జిగటగా ఉన్నాయని మన పెద్దవాళ్లు కొందరు పిండి పారబోయించినవి ఆ ముర్రుపాలే!

మరి ఆవుపాల నుంచి తీసి పిల్లలకు పడితే? 1500 గ్రాముల లోపు బరువుతో పుట్టిన 472 మంది మీద ఇటలీలో పరీక్షించారు. రక్తంలో ఇన్ఫెక్షన్ బాగా తగ్గిందని 2009లో ప్రకటించారు. అందరూ ఆశపడ్డారు. బ్రిటన్‌లో నెలలు నిండని 2,200 మందికి పైగా పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితం 2019లో వచ్చింది: చెప్పుకోదగ్గ తేడా లేదు. డబ్బాల మీద ‘రోగనిరోధక శక్తి’ అని రాసి అమ్మే లాక్టోఫెర్రిన్ పొడి కొనేముందు నేనైతే ఈ రెండో పరీక్షనే తలుచుకుంటాను.

జున్ను సంగతి అడుగుతారని తెలుసు. గేదె ఈనిన మొదటి రోజుల పాలలో ఇది దండిగానే ఉంటుంది, దూడ కోసం. మనం బెల్లం, మిరియాల పొడి కలిపి ఆవిరి మీద పెడతాం. గిన్నెలో పాలు గట్టిపడేదే ప్రోటీన్ల మడతలు విప్పుకుని ఒకదానికొకటి అల్లుకోవడం వల్ల. ముక్కలు కోసేసరికి లాక్టోఫెర్రిన్ గుప్పిళ్లు ఎప్పుడో విడిపోయి ఉంటాయి. రుచికి మాత్రం లోటుండదు.