మొటిమలకు తేనెటీగతో కుట్టించుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవిలో ఇంటర్ చదివే ఒక అబ్బాయిని వాళ్లమ్మ భాకరాపేట వైపు నుంచి తిరుపతిలోని మా క్లినిక్‌కు తీసుకొచ్చింది. ఎడమ కన్ను మూసుకుపోయింది, చెంప మీద ఎండిన సున్నం. తుడిచి చూస్తే చీము మొటిమల మధ్య రెండు ముళ్లు ఇంకా దిగే ఉన్నాయి. ఫోన్‌లో వీడియో చూసి తనే తేనెటీగల్ని పట్టి కుట్టించుకున్నాడట.

"తేనె మంచిదే కదా మేడం, ఈగ చెడ్డదెట్లా అవుతుంది?" అంది ఆమె.

అపోహ: తేనెటీగ విషంతో మొటిమలు తగ్గుతాయన్నది ఒట్టి పుకారు.

వాస్తవం: అట్లా కొట్టిపారేయలేం. ఎండిన విషంలో దాదాపు సగం మెలిటిన్ అనే పదార్థమే. మొటిమల్లో పెరిగే బ్యాక్టీరియా పై పొరకు అది బెజ్జాలు పెడుతుంది. ఎలుకల్లో వాపు కూడా తగ్గింది. కొరియా వాళ్లు శుద్ధి చేసిన విషం కలిపిన క్రీమును మనుషుల మీద చూసి, ఫలితాలు 2013లో ప్రచురించారు. మొటిమలు కొంత తగ్గాయి. కాకపోతే ఆ పరీక్షలో ఉన్నది 12 మంది, వాడింది రెండు వారాలు. సోమవారం పొద్దున మా బెంచీల మీద కూర్చునేవాళ్లే అంతకన్నా ఎక్కువ! పైగా మొటిమలు వాటంతట అవే పెరిగి తగ్గుతుంటాయి.

అపోహ: క్రీమే పనిచేస్తే, నేరుగా కుట్టించుకుంటే ఇంకా బాగా పనిచేస్తుంది.

వాస్తవం: నాకు టెన్షన్ పెట్టేది ఇదే. బ్యాక్టీరియా పొర, మన కణం పొర అన్న తేడా మెలిటిన్‌కు పెద్దగా లేదు, ఎర్ర రక్తకణాల్ని కూడా పగలగొడుతుంది. అందుకే మోతాదే ముఖ్యం. క్రీముల కోసం సన్నటి కరెంటు పారే తీగల కింద గాజు పలక పెట్టి, ఈగలు కుట్టి వదిలిన విషాన్ని ఎండాక గీకి, శుద్ధి చేసి, తూచి కలుపుతారు. చెంప మీద వాలిన ఈగ తూకం వేసి కుట్టదు కదా.

అపోహ: ఇంతకుముందు కుట్టినా ఏమీ కాలేదు, ఇక భయం లేదు.

వాస్తవం: అలర్జీ తయారయ్యేదే పాత కాట్ల వల్ల. స్పెయిన్‌లో 55 ఏళ్ల మహిళ రెండేళ్ల పాటు నెలనెలా ఈగలతో కుట్టించుకుంది, ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక రోజు కుట్టించుకున్న వెంటనే ఆయాసం వచ్చి స్పృహ తప్పింది, చివరికి చనిపోయింది. ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. అప్పుడు కాపాడేది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజక్షన్.

అపోహ: సున్నం రాస్తే విషం విరుగుతుంది.

వాస్తవం: విరగదు. విషం చర్మం లోపల ఉంటే సున్నం పైన ఉంటుంది. ముల్లు వెంట ఉండే సంచి ఇంకా విషం పంపుతూనే ఉంటుంది కాబట్టి గోటితోనైనా సరే, ముల్లు ముందు లాగేయండి.

ఆ అబ్బాయికి వాపు దిగాక మొటిమలకు పూసుకునే మందులు బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ రాసిచ్చాను. ఎనిమిది వారాలకు మొటిమలు బాగా తగ్గాయి. ఈగలు కుట్టిన చోట రెండు నల్లమచ్చలు మాత్రం ఉండిపోయాయి. "ఇవెప్పుడు పోతాయి మేడం?" అని ఇప్పుడు వాడే అడుగుతున్నాడు.