గుంట తవ్వితే చాలదు: టోర్నడో షెల్టర్లపై అపోహలు, వాస్తవాలు

టోర్నడోలు, అంటే ఇళ్లను లేపుకుపోయే సుడిగాలులు, వచ్చినప్పుడు తలదాచుకునే షెల్టర్లు బిగించడం నా పని. మార్చి వచ్చిందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. ఉత్తర టెక్సాస్‌లో టోర్నడోల కాలం మొదలైనట్టే. నిన్న డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి ఒకాయన ఫోను చేశాడు. "అన్నా, గ్యారేజీలో గుంట కొట్టిస్తాను. మీరు వచ్చి ఒక ఇనుప పెట్టె దించండి. చవకగా అయిపోవాలి" అన్నాడు. గ్యారేజీ నేల మీద ఏమైనా ముద్ర ఉందేమో చూడమన్నాను. ఫోను పట్టుకునే వెళ్లి, చెప్పుల స్టాండు జరిపి, చదివాడు. పోస్ట్ టెన్షన్ స్లాబ్ (లోపల ఉక్కు కేబుళ్లు లాగి బిగించిన కాంక్రీటు నేల) అనీ, కోయవద్దు, తొలచవద్దు అనీ ఇంగ్లిషులో అచ్చు వేసి ఉంది. ఆ ఇంట్లో ఆరేళ్లుగా ఉంటున్నాడు.

నెలకు పదిసార్లు ఇదే సంభాషణ. అందుకే రాస్తున్నాను.

అపోహ: నేలకింద ఉంటేనే ప్రాణం దక్కుతుంది

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. దీన్ని నమ్మి కొందరు కోయకూడని స్లాబ్ కోస్తారు. తవ్వడం కుదరదని తెలిసిన మరికొందరు అసలు ఏమీ చేయకుండా కూర్చుంటారు. 2013 మే 31న ఓక్లహోమా రాష్ట్రంలో ఎల్ రెనో టోర్నడో వచ్చినప్పుడు, నేలమాళిగ లేదన్న భయంతో ఎందరో కార్లెక్కి ఓక్లహోమా సిటీ రోడ్ల మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయారు. టోర్నడో ముందు కారును మించిన చెడ్డ చోటు లేదు.

టోర్నడోలో ఎక్కువమందిని చంపేది గాలి కాదు, గాలి విసిరే వస్తువులు. షెల్టర్లకు ప్రమాణమైన ఐసీసీ 500 చూసేదీ అదే. గంటకు 250 మైళ్ల గాలికి తట్టుకోవాల్సిన గదికైతే, 15 పౌండ్ల చెక్క వాసాన్ని 100 మైళ్ల వేగంతో గోడకూ తలుపుకూ గురిపెట్టి కొడతారు. లబ్బక్‌లోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో ఈ పరీక్షలు చేస్తారు. నెగ్గాల్సింది గడియలు, బందులు, చట్రంతో కలిపి తలుపు మొత్తం. ఈ పరీక్ష నెగ్గి, స్లాబ్‌కు సరిగ్గా బిగించిన ఉక్కు గది నేల మీదున్నా ప్రాణం కాపాడుతుంది. 2013 మే 20న టోర్నడో వచ్చి ఓక్లహోమాలోని మూర్ పట్టణంలో ఇళ్లు తుడిచిపెట్టుకుపోయిన చోట కూడా అలాంటి గదులు నిలబడ్డాయి.

ఇక స్లాబ్ సంగతి. మన ఊళ్లో స్లాబ్ అంటే పైకప్పు, ఇక్కడ కాలికింది నేల. డాలస్ చుట్టూ ఉన్న మన్ను మన నల్లరేగడికి తోబుట్టువు: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. బేస్‌మెంట్లు అరుదుగా ఉండటానికి అదొక కారణం. ఆ కదలికకు స్లాబ్ పగలకుండా లోపల ఉక్కు కేబుళ్లు లాగి బిగిస్తారు. ఒక్కో కేబులు మీద దాదాపు 15 టన్నుల బిగువు ఉంటుంది. రంపం తగిలి అది తెగితే పక్కనున్న మనిషికి ప్రమాదం, ఇంటి పునాదికి దెబ్బ. పెట్టెను నేల మీదే పెట్టినా బోల్టులకు రంధ్రాలు వేయాలి కాబట్టి, ముందు రాడార్‌తో స్కాన్ చేసి కేబుళ్లు ఎక్కడున్నాయో సుద్దతో గీసుకుంటాం. "స్కాన్ అక్కర్లేదండీ, అనుభవం ఉంది" అనే మనిషిని గేటు దగ్గరి నుంచే పంపించేయండి.

పెరట్లో తవ్వుకోవచ్చు, స్లాబ్ గొడవ లేదు. కానీ అర్ధరాత్రి వడగళ్లలో పిల్లలను చంకనేసుకుని అక్కడిదాకా పరుగెత్తగలరా? 2015 డిసెంబరు 26న గార్లాండ్, రౌలెట్ పట్టణాల మీద టోర్నడో విరుచుకుపడింది చీకటి పడ్డాకే.

అపోహ: పాత షిప్పింగ్ కంటెయినర్ పాతిపెడితే చవక

కంటెయినర్ బలమంతా నాలుగు మూలల్లోనే. పక్కలు పలుచని రేకు. తడిసిన మట్టి నెడితే లోపలికి వంగుతాయి. దీని గురించి ఇంతకంటే చెప్పను.

అపోహ: బరువైన పెట్టె, ఎక్కడికీ పోదు

ఖాళీ బిందెను నీళ్లలోకి అదిమి చూడండి. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 5 అడుగుల లోతున్న పెట్టె చుట్టూ గుంట నీటితో నిండితే, అది దాదాపు 7,500 పౌండ్ల బలంతో పైకి లేవాలని చూస్తుంది. అందుకే చుట్టూ కాంక్రీటు పోసి బంధించాలి. కొటేషన్‌లో ఆ మాట లేకపోతే అడగండి.

అదే పెట్టె నేల కొలత 24 చదరపు అడుగులు. ఇంటి షెల్టరులో మనిషికి 3 చదరపు అడుగులు చాలని లెక్క, అంటే 8 మంది పడతారు. నలుగురున్న ఇంటికి ఇంతకంటే పెద్దది అంటగడితే ఆ డబ్బు దండగే.

మిగతావి చకచకా. కిటికీలు తెరిచి ఉంచితే ఇల్లు పేలిపోకుండా ఉంటుందన్నది అబద్ధం. నైరుతి మూల భద్రమన్నదీ అబద్ధమే. ఫ్లైఓవర్ కింద దాక్కోవడం ఆత్మహత్య. "ఫీమా ఆమోదించిన షెల్టర్" అంటూ ఏదీ లేదు. ఫీమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) ప్రమాణాలు చెబుతుంది, సరుకుకు ముద్ర వేయదు. రిబేటు పథకాలకు పని మొదలుపెట్టకముందే దరఖాస్తు చేయాలి, ఆ తర్వాత పెడితే రాదు. ఏదీ కొనలేని ఏడాది కంగారు పడకండి. కింది అంతస్తులో కిటికీల్లేని బాత్రూమో అలమారా గదో ఎంచుకుని, అందరికీ హెల్మెట్లు, బూట్లు అక్కడే ఉంచండి.

మూర్‌ను టోర్నడో తుడిచిపెట్టిన రోజు మేము పక్కనే నార్మన్‌లో ఉన్నాం. గ్యారేజీ నేలలో షెల్టరు ఉంది. మోకాళ్ల ఆపరేషన్ అయిన అమ్మ ఆ మెట్ల దగ్గర ఆగిపోయింది. మెట్లు కావవి, నిచ్చెన. "తుఫానొస్తే మిద్దె ఎక్కాలి కదరా, గొయ్యిలో దిగమంటావేమిటి? నీళ్లొస్తే?" అంది. 1977లో దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. అక్కడ షెల్టర్లు స్తంభాల మీద కడతారు. నేనూ మా ఆవిడా కలిసి ఆమెను కిందికి దించేసరికి ఆరు నిమిషాలు పట్టింది. హెచ్చరిక తర్వాత మనకు దొరికేదే పది పదిహేను నిమిషాలు.

ఇప్పుడు టెక్సాస్ ఇంట్లో మా ఉక్కు గది నేల మీదే ఉంది. అమ్మ వచ్చినప్పుడల్లా అందులో బియ్యం బస్తా పెడుతుంది, ఎలుకలు రావని. నేను తీసి వంటింట్లో పెడతాను. అది ఒక మనిషి చోటు.