దాత బొమ్మ నుంచి నర్సు బొమ్మ దాకా

గుడి మండపంలో తిరిగే ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాసి ఉంటుంది. కరెంటు పోతే తప్ప దాన్ని చదవలేం. బడి బెంచీ మీద, బస్ షెల్టర్ నుదుటి మీద కూడా అంతే, 'ఫలానా వారి జ్ఞాపకార్థం'. రోజూ తెల్లారకముందే ఆ మండపం ఊడ్చే మనిషి పేరు మాత్రం ఎక్కడా కనపడదు. సేవ చేసినవాళ్ల ముఖాలు గీసి గౌరవించడం ఈమధ్య చాలా దేశాల్లో మామూలైపోయింది. అయితే బొమ్మలో చోటు దాత నుంచి సేవకుడి దాకా రావడానికి శతాబ్దాలు పట్టింది.

మన దగ్గర లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీద విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో సహా కనిపిస్తారు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డాడు. కట్టించినవాళ్లు, ఇచ్చినవాళ్లు వీళ్లే. రాళ్లెత్తిన కూలీలెవరో మనకు తెలియదు.

యూరప్‌లోనూ ఇదే వరస. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో దిక్కులేని ముసలివాళ్లకు ఒక ఆశ్రమం ఉండేది. దాని పాలకవర్గాల బొమ్మల్ని 1664లో ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడు గీశాడు. మగవాళ్లది ఒకటి, ఆడవాళ్లది ఒకటి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది స్వచ్ఛంద సంస్థ కమిటీ గ్రూప్ ఫోటో. మగవాళ్ల బొమ్మలో నల్లబట్టలు, తెల్లకాలర్లు, పెద్ద టోపీలతో ఐదుగురు పెద్దమనుషులు ఉంటారు. వాళ్లతోపాటు టోపీ లేని నౌకరు ఒకడు నిలబడి ఉంటాడు. చూడగానే ఎవరు ఎవరో తెలిసిపోతుంది. ఆశ్రమంలో ఉండే ముసలివాళ్లు మాత్రం రెండు బొమ్మల్లోనూ లేరు. అప్పటికి హాల్స్‌కు ఎనభై దాటాయి, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆ ఏడే నగరపాలకులు ఆయనకు సాలీనా 200 గిల్డర్ల (అప్పటి డచ్చి నాణేలు) భత్యం ఏర్పాటు చేశారు. సాయం చేసేవాళ్లను గీసిన మనిషే సాయం మీద బతికాడన్నమాట. ఆ ఆశ్రమ భవనం 1913 నుంచి ఆయన పేరుతోనే మ్యూజియంగా నడుస్తోంది.

ఆ దేశపు చిత్రకారుడే రెంబ్రాంట్ 1642లో గీసిన 'నైట్ వాచ్' కూడా ఒక రకంగా చందాల బొమ్మే. అందులో ఉన్న, నగరానికి కాపలా కాసే పౌరదళం సభ్యులు మనిషికి సుమారు 100 గిల్డర్లు వేసుకున్నారు. బొమ్మలో దొరికిన చోటును బట్టి కొందరు ఎక్కువ ఇచ్చారు, కొందరు తక్కువ. పెళ్లి ఫోటోలో ముందు వరసకు ఎగబడే మనవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్‌లో జి.ఎఫ్. వాట్స్ అనే చిత్రకారుడికి సామాన్యుల సంగతి పట్టింది. విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్లు నిండిన 1887లో ఆయన టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. ఇతరుల్ని కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న మామూలు మనుషులకు ఒక స్మారకం కట్టండన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి 1900లో పోస్ట్‌మన్స్ పార్కులో తనే కట్టించాడు. ఒక పంచ కింద గోడ, దాని మీద పింగాణీ పలకలు. వాటిలో ఒకటి ఆలిస్ ఏర్స్ది. తాపీపని కూలీ కూతురు. 1885లో ఇల్లు అంటుకుంటే ముగ్గురు పిల్లల్ని కాపాడి తను చనిపోయింది. కానీ ఒక్క పలక మీదా ముఖం లేదు, ఉన్నవన్నీ అక్షరాలే. కవుల్నీ మంత్రుల్నీ నూనెరంగుల్లో గీసి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి ఇచ్చినవాడు కూడా వాట్సే. కూలీ కూతురి ముఖం ఎలా ఉండేదో ఆ గోడ చెప్పదు.

ఇంచుమించు అదే కాలంలో కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు గోదారి దాటి వచ్చేవాళ్లకు వేళ కాని వేళ కూడా అన్నం పెడుతున్నారు. బ్రిటిష్ చక్రవర్తి ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక సంబరాలకు పిలుపొస్తే, వచ్చినవాళ్లు ఆకలితో వెనుదిరుగుతారని ఆవిడ వెళ్లలేదని చెప్పుకుంటారు. పోనీ ఫోటో అయినా ఇవ్వమంటే దానికీ ఒప్పుకోలేదట. ఫోటో లేకుండా పోతే తన ఉద్యోగం ఊడుతుందని అధికారి బతిమాలాకే కూర్చున్నారట. గోదావరి జిల్లాల్లో ఈ కథ వినని ఇల్లు అరుదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకం ఆవిడ పేరుతోనే నడుస్తోంది.

ఇరవయ్యో శతాబ్దంలో బొమ్మ వీధి గోడకెక్కింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో జేన్ గోల్డెన్ మొదలుపెట్టిన గోడబొమ్మల పనిలో నాకు నచ్చేది దాని పద్ధతి. పారాచూట్ గుడ్డ అనే పల్చటి బట్ట మీద గీతలు గీసి, ఏ రంగు ఎక్కడ వేయాలో గుర్తు పెట్టి ఇస్తారు. బస్తీవాళ్లు బల్ల దగ్గర కూర్చుని రంగులు నింపుతారు. తర్వాత ఆ ముక్కల్ని గోడకు అతికిస్తారు. నిచ్చెన ఎక్కలేని ముసలమ్మ కూడా మూడంతస్తుల గోడలో తన వంతు రంగు వేయగలదు.

ఇక 2020 ఏప్రిల్. ఆక్స్‌ఫర్డ్‌లో టామ్ క్రాఫ్ట్ అనే చిత్రకారుడు లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక మాట పెట్టాడు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తూ తనను మొదట సంప్రదించినవాళ్లకు ఉచితంగా బొమ్మ గీసిస్తానన్నాడు. మాంచెస్టర్ ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే నర్సు ఒకావిడ ముందు పలికింది. ఎదురుగా కూర్చోబెట్టే వీల్లేదు కాబట్టి ఫోటో చూసి గీశాడు. ఆవిడ ఒంటిమీద రక్షణ తొడుగులన్నీ ఉన్నాయి. తనలాగే గీసిస్తామన్న మిగతా చిత్రకారులకు చెప్పిన కిటుకు ఇంకా తేలిక. ఖాళీగా ఉంటే ఆకుపచ్చ కాన్వాసు బొమ్మ పెట్టండి, మనిషి దొరకగానే దాన్ని ఎర్రగా మార్చండి. ఆటోవాలా మీటర్ మడిచినట్టు. నెల తిరక్కుండానే దేశం నలుమూలలా చిత్రకారులు ఈ పనిలో పడ్డారు. హాల్స్ కాలంతో పోలిస్తే లెక్క తిరగబడింది. ఇక్కడ బొమ్మలో ఉన్న మనిషి పైసా ఇవ్వలేదు.

అలాగని అందరూ మురిసిపోలేదు. 2021 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం నర్సులకు ఒక శాతం జీతం పెంపు ప్రతిపాదించింది. వైద్య సిబ్బంది కోసం జనం గురువారం గురువారం కొట్టిన చప్పట్లు, గోడల మీద బొమ్మలు బాగానే ఉన్నాయి, జీతం మాటేమిటని గొడవైంది. జులైలో దాన్ని 3 శాతం చేశారు. ఆ కోపంలో న్యాయం ఉందనే నా ఉద్దేశం.

మరో సంగతి. 2020 మార్చిలో ప్రభుత్వం రెండున్నర లక్షల మంది వాలంటీర్లు కావాలంటే కొద్ది రోజుల్లోనే ఏడున్నర లక్షల మంది పేరిచ్చారు. వాళ్లకు పని ఫోన్లో ఒక యాప్ ద్వారా వచ్చేది. మందుల సంచి గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేవారు. లోపలున్న ముసలాయన తలుపు ఓరగా తెరిచి సంచి అందుకునేవాడు. ఇచ్చింది ఎవరో ఆయనకు సరిగ్గా కనిపించేది కాదు.