లైటు వెలగకపోతే తప్పంతా టైమర్‌దేనా? అపోహలు - వాస్తవాలు

సాయంత్రం 6:30కి వెలగాల్సిన వరండా లైటు వెలగలేదంటే ఫోన్‌లో నాకు మొదట వినిపించే మాట ఒకటే: "టైమర్ పోయినట్టుంది, కొత్తది తెచ్చేయండి." ఇళ్లలో ఆటోమేషన్ స్విచ్‌లు, ల్యాంప్ మాడ్యూళ్లు (ప్లగ్‌కీ ల్యాంప్‌కీ మధ్య ఉండి, ఆర్డర్ అందగానే లైటు వేసి ఆర్పే చిన్న పెట్టెలు) బిగించడం, మొరాయించినప్పుడు వెళ్లి చూడడం నా పని. వెళ్లి చూస్తే టైమర్ నిజంగా పాడైన సందర్భాలు తక్కువే. లైటు తనంతట తాను వెలగాలంటే మూడు పనులు సరిగ్గా జరగాలి. గడియారం టైమ్ సరిగ్గా ఉండాలి, ఆ టైమ్‌కి వెళ్లిన ఆర్డర్ స్విచ్ దాకా చేరాలి, ఆ స్విచ్‌కి ఆ బల్బు సరిపడాలి. ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా సామాను మారిస్తే డబ్బు పోతుంది, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

అపోహ: షెడ్యూల్ ప్రకారం వెలగలేదంటే టైమర్ పాడైనట్టే.

వాస్తవం: ముందు యాప్‌లోంచో, టైమర్ మీదున్న బటన్‌తోనో అదే లైటును వేసి చూడండి. వెలగకపోతే షెడ్యూల్ జోలికి పోనవసరం లేదు, తప్పు ఇంకెక్కడో ఉంది. వెలిగితే, మూడు నిమిషాల తర్వాతి టైమ్‌కి కొత్త షెడ్యూల్ ఒకటి పెట్టి స్విచ్ పక్కనే నిలబడండి. రిలే (ఆర్డర్ అందగానే లోపలి కాంటాక్టులను కలిపి విడదీసే భాగం) ఉన్న స్విచ్ అయితే ఆ టైమ్‌కి టిక్‌మని చప్పుడు వస్తుంది. టిక్ వినిపించినా లైటు రాలేదంటే ఆర్డర్ చేరినట్టే. ఇక చూడాల్సింది రిలే, దాని తర్వాతి వైరు, హోల్డర్, బల్బు. ఆపినప్పుడు టిక్ వచ్చినా లైటు ఆరకపోతే రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఉండొచ్చు. ఎల్ఈడీలకి కరెంటు అందించే డ్రైవర్లు ఆన్ అయిన క్షణంలో తమ మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతాయి, ఆ దెబ్బకే కాంటాక్టులు అతుక్కుంటాయి. ఒకే రిలే మీద చాలా ఎల్ఈడీలు వేలాడదీసిన చోట ఇది నాకు తరచూ ఎదురయ్యే సమస్య.

అపోహ: గడియారం ఒకసారి సెట్ చేస్తే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: లైటు ఎంత తేడాతో వెలుగుతోందో రెండు మూడు రోజులు రాసుకోండి. సగం జబ్బు ఆ కాగితమే చెబుతుంది.

తేడా సరిగ్గా 12 గంటలుంటే ఏఎం, పీఎం తారుమారయ్యాయి. రాత్రి 12 గంటలంటే 12 ఏఎం, ఇక్కడే చాలామంది పొరబడతారు. తేడా రోజూ ఒకేలా, గంటల్లోనో అరగంటల్లోనో ఉంటే టైమ్‌జోన్ తప్పు. కరెంటు పోయినప్పుడల్లా, అది పోయినంతసేపే వెనకబడుతుంటే టైమర్‌కి బ్యాకప్ బ్యాటరీ లేదు, లేదా అయిపోయింది. చుట్టూ పిన్నులుండే ప్లగ్ టైమర్‌లో మామూలుగా పిన్నుకి 15 నిమిషాల చొప్పున రోజుకి 96 పిన్నులుంటాయి. కరెంటు పోతే దాని చక్రం ఆగుతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే తిరుగుతుంది. దాని పక్కనుండే చిన్న మీట "ఎప్పుడూ ఆన్" మీద ఉండిపోతే పిన్నులు ఎలా పెట్టినా ఫలితం ఉండదు. దాన్ని మాత్రం తప్పకుండా చూడండి.

ఇంకొకటి చెప్పాలి. కొన్ని టైమర్లు మెయిన్స్ కరెంటు ఫ్రీక్వెన్సీని లెక్కపెట్టి టైమ్ నడుపుతాయి. 60 హెర్ట్జ్ కోసం చేసినదాన్ని 50 హెర్ట్జ్ కరెంటు మీద పెడితే గంటకి 10 నిమిషాలు వెనకబడుతుంది, అంటే రోజుకి 4 గంటలు. వేరే దేశం నుంచి తెచ్చుకున్న టైమర్ రోజురోజుకీ వెనక్కి జరుగుతోందంటే నేను మొదట దాని వెనకున్న లేబుల్ చదువుతాను.

సూర్యాస్తమయానికి వెలిగేలా పెట్టిన లైటైతే లొకేషన్ చూడండి. రేఖాంశంలో ఒక డిగ్రీ తేడాకి 4 నిమిషాలు మారుతుంది.

అపోహ: ల్యాంప్ మాడ్యూల్‌కి ఏ బల్బైనా, ఏ సామానైనా తగిలించవచ్చు.

వాస్తవం: ఒక ఇంట్లో పడక పక్కనుండే ల్యాంప్ రాత్రి 10కి ఆరిపోయి, కాసేపటికి తనంతట తానే వెలుగుతోంది. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి టైమర్ రెండుసార్లు మార్చారు. నేను వెళ్లి, లైటు ఆరాక గది చీకటి చేసి చూస్తూ కూర్చున్నాను. బల్బు ఒక్క క్షణం మిణుక్కుమంది, ఆరింది. మళ్లీ మిణుక్కుమంది. కాసేపటికి నిండుగా వెలిగింది.

ఆ ల్యాంప్‌కి ఉన్నది పాత రకం ల్యాంప్ మాడ్యూల్. అది ఆఫ్‌లో ఉన్నా బల్బు గుండా సన్నటి కరెంటు పంపుతూనే ఉంటుంది. ల్యాంప్‌కి ఉన్న సొంత స్విచ్‌ని ఎవరైనా నొక్కితే కనిపెట్టి లైటు వెయ్యడానికి ఆ ఏర్పాటు. ఫిలమెంటు బల్బుతో దానికే ఇబ్బందీ లేదు. ఎల్ఈడీ బల్బులోని కెపాసిటర్ మాత్రం ఆ సన్నటి కరెంటుతోనే నెమ్మదిగా నిండి, ఒక్కసారి ఖాళీ అవుతుంది. అదే ఆ మిణుకు. ఎవరో స్విచ్ నొక్కారనుకుని మాడ్యూల్ లైటు వేసేస్తుంది. నేను ఆ మాడ్యూల్ తీసి రిలేతో ఆన్, ఆఫ్ మాత్రమే చేసే అప్లయెన్స్ మాడ్యూల్ పెట్టాను. ఆ ఇంట్లో పాత టైమర్లు రెండూ బాగానే ఉన్నాయి.

ల్యాంప్ మాడ్యూల్ అంటే లోపల డిమ్మర్, అంటే వెలుతురు తగ్గించి పెంచేది. దానికి ఫ్యాన్, మోటారు, డిమ్ కాని ఎల్ఈడీ తగిలించకూడదు. గుయ్‌మనడం, వణుకుతూ వెలగడం మొదలైందంటే వెంటనే తీసేయండి. వేడెక్కే దాకా ఆగవద్దు.

అపోహ: పొద్దున పనిచేసి సాయంత్రం చేయకపోతే అది లూజ్ కనెక్షనే.

వాస్తవం: లూజ్ కనెక్షన్ కావచ్చు. కానీ కరెంటు వైర్ల మీదుగా సిగ్నల్ పంపే మాడ్యూళ్లలో కారణం వేరే ఉంటుంది. 1975లో స్కాట్లాండ్‌లోని పీకో ఎలక్ట్రానిక్స్ వాళ్లు రూపొందించిన ఎక్స్-10 పద్ధతి ఇలాంటిదే. మెయిన్స్ వోల్టేజీ సున్నా దాటే క్షణంలో 120 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ని అదే వైరు మీద పంపుతుంది. సాయంత్రం టీవీ, కంప్యూటర్, ఛార్జర్లు ఆన్ అవుతాయి. వాటి పవర్ సప్లయ్‌లు, స్పైక్ గార్డులు ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి. పాత మాడ్యూళ్లు ఆర్డర్ అందిందని తిరిగి చెప్పవు కాబట్టి టైమర్‌కి ఆ సంగతి తెలియదు.

ఒక్కో ప్లగ్గూ తీస్తూ, తీసినప్పుడల్లా లైటు వేసి చూడండి. ఏది తీశాక వెలిగిందో దొంగ అదే. అది సిగ్నల్‌ని మింగకుండా దాని ప్లగ్ దగ్గర ఫిల్టర్ పెట్టాలి. ఇంట్లో ఒకటి కంటే ఎక్కువ ఫేజ్‌లుంటే టైమర్ ఒక ఫేజ్ మీద, లైటు ఇంకో ఫేజ్ మీద ఉందేమో కూడా చూడాలి. అప్పుడు సిగ్నల్‌ని ఒక ఫేజ్ నుంచి ఇంకోదానికి దాటించే ఫేజ్ కప్లర్ కావాలి. ఇక ఏ ఆర్డర్ ఏ మాడ్యూల్‌దో గుర్తించే ఎక్స్-10 అడ్రసుల్లో హౌస్ కోడ్‌లు ఏ నుంచి పీ దాకా 16, ఒక్కోదానికి 16 యూనిట్లు, మొత్తం 256. అయినా అందరూ ఏ1 మీదే వదిలేస్తారు. అలాంటప్పుడు పక్కింటి టైమర్ మీ లైటును ఆర్పేసే వీలుంది.

అపోహ: వైఫై స్విచ్‌లకి ఈ బాధలేవీ లేవు.

వాస్తవం: వాటి బాధలు వాటికున్నాయి. కరెంటు వచ్చాక స్విచ్ కొన్ని సెకన్లలో లేస్తుంది, రూటర్‌కి నిమిషాలు పడుతుంది. నెట్ నుంచి టైమ్ అందేదాకా చాలా స్విచ్‌లకి ఎన్ని గంటలైందో తెలియదు. ఆ సందులో పడిన షెడ్యూల్ జారిపోతుంది. కరెంటు వచ్చాక లైటు ఏ స్థితిలో ఉండాలో యాప్‌లో సెట్టింగ్ ఉంటే చూసుకోండి. స్విచ్ యాప్‌లో ఒక షెడ్యూల్, వాయిస్ అసిస్టెంట్‌లో ఇంకొకటి పెట్టి మర్చిపోవడం కూడా నేను తరచూ చూస్తాను. ఒక లైటుకి షెడ్యూల్ ఒక్కచోటే పెట్టండి.

అపోహ: ఆఫ్ చేశాక బల్బు మసగ్గా వెలిగితే ప్రమాదమేమీ లేదు.

వాస్తవం: చాలాసార్లు నిజంగానే ప్రమాదం ఉండదు. న్యూట్రల్ వైరు లేకుండా పనిచేసే స్విచ్ తాను బతకడానికి బల్బు గుండానే కొంచెం కరెంటు తీసుకుంటుంది. ఆ కొంచెం కరెంటుని బల్బు పక్కనుంచి పోనిచ్చే బైపాస్‌ని, స్విచ్ కంపెనీ సూచించినదాన్ని, బల్బు దగ్గర పెడితే ఆ మసక పోతుంది. కానీ అదే మసక, స్విచ్‌లో ఫేజ్‌కి (కరెంటు తెచ్చే వైరు) బదులు న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) తెగుతున్నప్పుడు కూడా కనిపిస్తుంది. అప్పుడు లైటు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే, బల్బు మార్చే చెయ్యికి అపాయం. ఎలక్ట్రానిక్ స్విచ్ లీకేజీకి కూడా టెస్టర్ వెలుగుతుంది కాబట్టి టెస్టర్ ఒక్కదాన్నే నమ్మకండి. ఎంసీబీ దించి, వైరింగ్ తెలిసిన మనిషిని పిలిచి, స్విచ్‌లోకి వస్తున్నది ఫేజో న్యూట్రలో మీటర్‌తో తేల్చమనండి. అది తేలేదాకా ఆ హోల్డర్‌ని ముట్టుకోవద్దు.