పాత డీజిల్ ఎస్‌యూవీ ఇంజన్ రిపేర్లు: అపోహలు - వాస్తవాలు

పదేళ్లు దాటిన స్కార్పియో, సఫారీ, ఫార్చునర్ వంటి డీజిల్ బండ్లే మా షెడ్డుకు ఎక్కువగా వస్తాయి. లోపం ఎక్కడుందో కొలిచి తేల్చుకోకముందే భాగాలు మార్చడం వల్లే వాటి యజమానుల డబ్బులో పెద్ద వాటా వృథా అవుతోందని నా గట్టి అభిప్రాయం.

అపోహ: మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది.

రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవారికి ఈ మాట సబబుగానే తోస్తుంది. అయితే ఇంజన్ సుమారు 90 డిగ్రీల దగ్గర నిలకడగా పనిచేసేలా తయారవుతుంది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వకుండా ఆపే వాల్వే థర్మోస్టాట్. అది లేకపోతే ఆ వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా డీజిల్ పూర్తిగా మండక మసి పేరుకుంటుంది, మండని డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట దిగి ఇంజన్ ఆయిల్‌ను పలచబరుస్తుంది. పైగా చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని అడుగుభాగమే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉండి, వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. ఘాట్ రోడ్డు మీద నిండు లోడుతో ఎక్కేటప్పుడు బండి కాగిపోవడానికి చల్లదనం కోసం చేసిన ఈ పనే కారణమవుతుంది.

కూలెంట్ బదులు బోరుబావి నీళ్లు పోసే అలవాటు కూడా ఇలాంటిదే. ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పొరలుగా పేరుకుంటుంది, తుప్పు వాటర్ పంపును తినేస్తుంది.

అపోహ: టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లినా నీళ్లు పోసుకుంటూ ఇల్లు చేరవచ్చు.

లక్ష రూపాయలు దాటే రిపేర్లు ఎన్నో ఇలాంటి ఒక్క ప్రయాణంతోనే మొదలవుతాయి. ఈ ఇంజన్లలో హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) సాధారణంగా అల్యూమినియంతో ఉంటుంది. అతిగా వేడెక్కితే అది వంగుతుంది, కాగిన ఇంజన్‌లో ఒక్కసారిగా చన్నీళ్లు పడితే పగలవచ్చు కూడా. వేడి మీద రేడియేటర్ మూత తీసినవారికి మరిగే నీళ్లు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలే ప్రమాదముంది. ముల్లు ఎర్రగీత చేరగానే బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, అవసరమైతే టోయింగ్ బండి పిలిపించుకోవడం ఎంత ఖర్చయినా చౌకే.

హెడ్‌కు, ఇంజన్ బ్లాకుకు మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందని తేలాక దాన్ని ఒక్కదాన్నే మార్చి హెడ్‌ను తిరిగి బిగిస్తే, కొద్దికాలానికే అదే పని మళ్లీ పడుతుంది. హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపులేని ఉక్కు పట్టీ) పెట్టి, ఫీలర్ గేజ్ (సన్నని కొలత రేకులు)తో వంపు కొలవాలి. పగుళ్ల కోసం ప్రెషర్ టెస్ట్ చేయించాలి. అసలు వేడెక్కడానికి కారణం వాటర్ పంపా, రేడియేటర్ ఫ్యాన్‌ను తిప్పే క్లచ్చా, మూసుకుపోయిన రేడియేటరా అన్నది కూడా తేల్చాలి. ఈ కొలతలు చూపించమని అడిగే హక్కు మీకుంది.

అపోహ: నల్లపొగ వస్తే ఇంజన్ అయిపోయినట్టే.

నల్లపొగకు అర్థం డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని, లేదా డీజిల్ ఎక్కువగా పడుతోందని మాత్రమే. చిరిగిన ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) హోసు, నిండిపోయిన ఎయిర్ ఫిల్టర్, మసి పట్టి తెరుచుకుని ఉండిపోయిన ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది), వీటిలో ఏదైనా ఆ పొగకు చాలు. హోసు చిరిగిన బండికి టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టే భాగం) మార్చాలని అంచనా వేసి పంపిన సందర్భాలు నేను చూశాను. నీలిపొగ ఆయిల్ మండుతున్నదనడానికి గుర్తు. వేడెక్కిన తరువాత కూడా ఆగని తెల్లపొగతో పాటు కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

అపోహ: టర్బో పోతే కొత్తది వేస్తే సమస్య తీరుతుంది.

నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో షాఫ్టును కాపాడేది పలుచని ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ వచ్చే సన్నని పైపు మసితో మూసుకుపోయి ఉంటే, దాన్ని మార్చకుండా వేసిన కొత్త టర్బో కూడా పాడవుతుంది. సమయానికి ఆయిల్ మార్చడం కన్నా చౌకైన టర్బో రిపేరు నాకు తెలియదు.

అపోహ: ఇంజెక్టర్లు మారిస్తే నాలుగూ మార్చాల్సిందే.

ఇంజెక్టర్లు సిలిండర్లలోకి డీజిల్ చిమ్ముతాయి, మిగిలినది రిటర్న్ పైపుల్లో వెనక్కి పోతుంది. ముందు ఆ పైపులకు సీసాలు కట్టి, ఏ ఇంజెక్టర్ ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతోందో చూడాలి. అనుమానం వచ్చినదాన్ని టెస్ట్ బెంచ్ మీద పరీక్షించాలి. మార్చాల్సింది ఒక్కటే అయితే ఒక్కటే మార్చవచ్చు. కోడ్ ఉన్న ఇంజెక్టర్ అయితే ఆ కోడ్‌ను స్కానర్‌తో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్)లో నమోదు చేయాలి.

అపోహ: బ్యాక్ కంప్రెషన్ వస్తోందంటే ఓవర్‌హాల్ (ఇంజన్ మొత్తం విప్పి బాగుచేయడం) తప్పదు.

ఆయిల్ ఫిల్లర్ మూత తీసినప్పుడు గాలి తన్నడాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. కొద్దిగా తన్నడం మామూలే. మూసుకుపోయిన బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలిని బయటికి పంపే దారి) వల్ల కూడా గాలి గట్టిగా తన్నుతుంది. ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్ నుంచి ఎంత గాలి కారుతోందో కొలవడం) చేసి, అంకెలు చూశాకే ఇంజన్ విప్పాలి. విప్పిన తరువాత బోరును (సిలిండర్ లోపలి రంధ్రం) గేజ్‌తో కొలవకుండా రింగులు మాత్రమే మార్చే సగం పని చేయించకండి, ఎందుకంటే అరిగిన బోరులో కొత్త రింగులు సరిగా కూర్చోవు.

ఓవర్‌హాల్ బదులు స్క్రాప్ బండి ఇంజన్ కొనేవారు దాని అమ్మకపు పత్రాలు తీసుకుని, ఆర్టీఏ కార్యాలయంలో అనుమతి పొంది, కొత్త ఇంజన్ నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. నంబర్లు కలవని బండికి 15 ఏళ్ల తరువాత రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తనిఖీలో ఇబ్బంది ఎదురవుతుంది.